గేస్కె పిన్ని గాలి

గేస్కె పిన్నికి ఈ లోకంలో ఒక్కటే శత్రువు: గాలి. తుఫాను గాలి కాదండోయ్. తుఫానొస్తే సైకిలేసుకుని దానికి ఎదురెళ్ళి మరీ బంగాళాదుంపలు కొనుక్కొచ్చే మనిషి ఆవిడ. ఆవిడ పగంతా సందుగాలి మీదే. తలుపు కింద నుంచీ, కిటికీ చెక్కల మధ్య నుంచీ, తాళంచెవి కన్నంలోంచీ దూరి సన్నగా మెడ వెనక తగిలే దొంగగాలి అంటే ఆవిడకి ఒళ్ళు మంట.

"గాలి కొడుతోంది!" అని ఆవిడ అందంటే ఊస్టర్‌హామ్‌లో ఎంతటివాళ్ళైనా లేచి చోటు మారాల్సిందే. మేనకోడలి పెళ్ళిలో, ఉంగరాలు తొడుక్కుంటుంటే లేచి పెళ్ళికూతుర్ని రెక్క పట్టుకుని పక్కకి జరిపింది. పళ్ళ డాక్టరు కుర్చీలో పడుకుని, ఆయన చెయ్యి నోట్లో ఉండగానే "ఆయి ఒఉఓంది" అంది. డాక్టరు పాపం నోటిపని ఆపి, వెళ్ళి కిటికీ మూసి వచ్చాడు. ఆఖరికి మొగుణ్ణి పూడ్చిన రోజున కూడా, ఆరుబయట సమాధి దగ్గర, పాస్టరు గారిని "ఇటు రండయ్యా, అక్కడ గాలి" అని కంచె చాటుకి తెచ్చి నిలబెట్టింది. ఆరుబయట సందుగాలేమిటని అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు.

ఆవిడ చేతిసంచిలో రెండు ఆయుధాలు ఉండేవి. ఒకటి, దారానికి కట్టిన తెల్లబాతు ఈక. దాన్ని పట్టుకుని వేలాడేసి, కళ్ళు చికిలించి, గాలి ఎటునుంచి వస్తోందో కనిపెట్టేది. రెండోది ఇసుక పాము. పాతగుడ్డతో పొడుగ్గా సంచీ కుట్టి, ఇసుక కూరి, బొత్తాలతో కళ్ళు పెట్టి, తలుపు కింద పడుకోబెట్టేది. ఆ ఊళ్ళో గేస్కె పిన్ని పాము లేని ఇల్లు లేదు. పోస్టాఫీసులో అయితే రెండున్నాయి.

ఆ ప్రాంతం మనుషుల సంగతి కొంచెం చెప్పాలి. హాలండు ఉత్తరపు కొస అది. మాట పొదుపు. మనసులో ఉన్నది పైకి చెప్పడమంటే నలుగురిలో చొక్కా విప్పినంత సిగ్గు వాళ్ళకి. "నువ్వక్కడ కూర్చోకు" అని ఒకరితో ఒకరు అనలేరు. "నీ పక్కన కూర్చోవాలనుంది" అని అసలే అనలేరు. గాలి కొడుతోందంటే మాత్రం ఎందుకూ ఏమిటీ అని అడగరు. దేవుడున్నాడా లేడా అని తెల్లవార్లూ వాదించుకుంటారు గానీ, గాలి ఉందా లేదా అని ఎవరూ వాదించరు. లేచి జరుగుతారంతే.

ఈ సంగతి తెలియని ఒకే ఒక్క మనిషి పట్నం నుంచి వచ్చిన సీబ్రన్ మేష్టారు.

ఊస్టర్‌హామ్ చర్చిలో ఏటా ఈస్టర్ ముందురోజు సాయంత్రం కచేరీ. నిశ్శబ్ద శనివారం అంటారు దాన్ని. ఊరి గాయకబృందం, పట్నం నుంచి వచ్చే వాద్యబృందం కలిసి క్రీస్తు శ్రమల గానం మొదలుపెట్టి పునరుత్థానం దాకా పాడతారు. ముందు నిలబడి చేత్తో పాట నడిపించే పాత మేష్టారు వయసు మీదపడి తప్పుకుంటే సీబ్రన్‌ని పిలిపించారు. పొడుగ్గా, సన్నగా, ఒక్కచోట నిలవని మనిషి. కూర్చుంటే మోకాలు ఊపుతాడు, నిలబడితే వేళ్ళాడిస్తాడు, చేతిలో ఏముంటే దాంతో తాళం వేస్తాడు. ఇది తన మొదటి పెద్ద కచేరీ. తప్పు జరిగితే ఈ జన్మకి మళ్ళీ ఎవరూ పిలవరని ఆయన భయం. ఆ భయంతో కాలుకాలిన పిల్లిలా తిరిగేవాడు.

మొదటి రోజు సాధనలో చెయ్యెత్తాడో లేదో, ఆడవాళ్ళ కింది గొంతుల వరసలోంచి ఈక లేచింది.

"గాలి కొడుతోంది మేష్టారూ."

"ఏం కొడుతోందండీ?"

"గాలి. ఇదిగో, ఈ రెన్స్‌కె వెనక నుంచి. రెన్స్‌కె, నువ్వు లేచి ఇటు రా. ఇదిగో అమ్మాయ్, నువ్వు అటు పో. ఒరే ఫోక్కో, మీ మగాళ్ళ వరసలో కూడా ఉంది. నువ్వు రైండర్‌కి కుడిపక్కకి మారు."

"అలాగే పిన్నీ," అని ఫోక్కో లేచాడు. బృందం సగం లేచింది. కుర్చీల చప్పుడు. మేష్టారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"అయిందాండీ?" అన్నాడు సీబ్రన్ పళ్ళు బిగించి.

"ఇప్పటికయింది. మీరు కానివ్వండి నాయనా. ఇందాకట్నుంచీ చెయ్యెత్తుకునే ఉన్నారు, నొప్పి పుట్టదూ?"

శీతాకాలమంతా ఇదే తంతు. ప్రతి వారం ఆవిడ ఒకర్ని లేపేది, ఇంకొకర్ని కూర్చోబెట్టేది. మేష్టారు ఇంటికెళ్ళి బొమ్మ గీసుకునేవాడు, ఎవరెక్కడుంటే శబ్దం ఎలా పండుతుందో లెక్క వేసుకునేవాడు. మరుసటి వారం వచ్చి చూస్తే ఆ బొమ్మ గాలికి పోయేది. చర్చిలో పాత హీటరొకటి ఉంది. పెడితే పిండిమరలా మోగుతుంది కాబట్టి పాడేటప్పుడు ఆపేస్తారు. ఆ చలికి అందరూ కోట్లూ, దుప్పట్లూ, నల్లగౌన్ల కింద ఉన్ని లాగులూ తొడుక్కుని పాడతారు. అంత చలిలో గాలి కొడుతోందంటే కాదనడానికి మేష్టారికి కూడా నోరొచ్చేది కాదు.

వాద్యబృందంలో పెద్ద ఫిడేలులాంటి సెల్లో వాయించే మార్రిట్ ఇదంతా చూసి నవ్వేది. ఆమె నవ్విందంటే సీబ్రన్ చేతిలో తాళంపుల్ల జారి కిందపడేది. అంతమందికి పాట చెప్పే మనిషికి ఆమెతో మాత్రం "నమస్కారం" తర్వాత రెండో మాట వచ్చేది కాదు. విరామంలో కాఫీ కప్పు పట్టుకుని ఆమె వైపు బయల్దేరేవాడు. సగం దూరం వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగేవాడు. గేస్కె పిన్ని ఈ నడక చూస్తూ కాఫీ ఊదుకునేది.

ఈస్టర్ వారం రానే వచ్చింది. సీబ్రన్‌కి నిద్ర లేదు, తిండి లేదు. సోమవారం పొద్దున్నే సుద్దముక్క పట్టుకుని చర్చికి వెళ్ళి, రాతినేల మీద ఒక్కొక్కరికీ ఒక్కో గుండ్రం గీసి, అందులో పేరు రాశాడు. పొడుగుని బట్టి, గొంతుని బట్టి. సాయంత్రం అందరూ వచ్చాక గట్టిగా చెప్పాడు.

"శనివారం దాకా ఎవరి గుండ్రంలో వాళ్ళు. భూకంపమొచ్చినా జరగడానికి వీల్లేదు. గేస్కె గారూ, ముఖ్యంగా మీరు. ఈక సంచిలోనే ఉండాలి."

పిన్ని మగాళ్ళ వరస వైపు చూసింది. ఆవిడ మొహం పాలిపోయింది. "మేష్టారూ, ఆ చివర రైండర్ ఉన్నచోట మాత్రం..."

"గేస్కె గారూ!"

పిన్ని ఈక లోపల పెట్టేసింది. ఆ రోజు నుంచే బృందానికి మూడింది.

పాటలో ఒక చోటుంది. క్రీస్తుని సమాధిలో పెట్టి పెద్దరాయితో మూస్తారు. వాద్యాలు ఒక్కొక్కటే ఆగిపోతాయి. చర్చంతా ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి, ఏ వాద్యమూ లేకుండా, మంద్రగొంతుల మగవాళ్ళు మాత్రం లోగొంతుకతో అందుకోవాలి: "రాయి దొర్లింది." కచేరీ ప్రాణమంతా అక్కడుంది. అది కుదిరిందా, విన్నవాళ్ళకి ఏడాది పాటు ఒళ్ళు పులకరిస్తుంది.

సోమవారం రాయి దొర్లింది. అందరి నోటా దొర్లి ఆగాక, వెనకే ఇంకో రాయి విడిగా, తాపీగా దొర్లింది.

"ఎవరది?" అన్నాడు మేష్టారు.

మంగళవారమూ అంతే. బుధవారం రెండో రాయి మొదటిదానికంటే గట్టిగా దొర్లింది. వాద్యబృందంలో బూర వాయించేవాడు నవ్వాపుకోలేక బూరలోకి నవ్వాడు. అది ఆవు అరిచినట్టు వినిపించి చర్చంతా గొల్లుమంది. సీబ్రన్ తల పట్టుకున్నాడు.

ఆ రెండో రాయి రైండర్ మావయ్యది. కట్ట మీద నీళ్ళు తోడే ఇంజిన్ల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. భారీ విగ్రహం, దానికి తగ్గ గొంతు. వాళ్ళ నాన్న కూడా ఆ వరసలోనే నిలబడి పాడాడు. సాధన అయ్యాక ఆయనే మేష్టారి దగ్గరికొచ్చి గుట్టుగా చెప్పాడు.

"మేష్టారూ, మా వరసలో ఎవడో వెనకబడుతున్నాడు. పట్టుకుని బయటికి పంపండి. చెవులు పనిచెయ్యనివాడికి ఇక్కడేం పని? పూర్వం ఒకాయనకి ఇలాగే చెవులు మందగిస్తే, నేనే మొహమ్మీద చెప్పేశాను, ఇంటికెళ్ళి గొర్రెలకి పాడుకోవయ్యా అని. మొహమాటపడితే పాట చెడుతుంది."

గురువారం సీబ్రన్ అందరి ముందూ ప్రకటించేశాడు.

"రేపు ఆఖరి సాధన. రేపు కూడా ఎవరి రాయి ఆలస్యంగా దొర్లితే వాళ్ళు శనివారం శ్రోతల్లో కూర్చుని వినాలి. నాకూ బాధే. కానీ తప్పదు."

"అదీ మాట!" అని రైండర్ మావయ్య అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. పక్కనున్న ఫోక్కో తల దించుకున్నాడు.

శుక్రవారం. బయట ఉత్తరపు గాలి, లోపల అందరి మొహాల్లోనూ గాభరా. నిశ్శబ్దం వచ్చింది. సీబ్రన్ చెయ్యి ఎత్తాడు. ఇంకా దించనేలేదు.

"గాలి కొడుతోంది!"

పిన్ని తన గుండ్రం దాటి వచ్చేసింది. ఒక చేతిలో ఈక. "రైండర్ ఉన్నచోట చచ్చే గాలి మేష్టారూ. అతన్ని వరసకి ఈ చివర పెట్టండి. నా మాట వినండి, మీకు పుణ్యముంటుంది."

సీబ్రన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. వారం రోజుల నిద్ర బాకీ అంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"ఇలా ఇవ్వండి ఆ ఈక!"

ఈక లాక్కుని గబగబా వెళ్ళి, రైండర్ ఎడమభుజం పక్కన నిలబడి దారం పట్టుకుని వేలాడేశాడు. బృందమంతా మెడలు చాచి చూసింది. ఈక కదల్లేదు. మేకుకి తగిలించిన బట్టలా నిటారుగా, నిమ్మళంగా వేలాడింది.

"ఎక్కడండీ గాలి? చూడండి! అందరూ చూడండి! ఒక్క పోగు కదిలిందా?" రైండర్ వైపు తిరిగి గొంతు తగ్గించి, "మీరే చెప్పండి రైండర్ గారూ, మీకేమైనా గాలి తగులుతోందా?" అన్నాడు.

రైండర్ మావయ్య నిటారుగా ఎదర చూస్తూ నిలబడ్డాడు. జవాబు లేదు.

"రైండర్ గారూ, మిమ్మల్నే."

ఉలుకూ లేదు, పలుకూ లేదు. అప్పుడు పిన్ని చుట్టూ తిరిగి ఆయన కుడివైపుకి వెళ్ళి, గొణిగినంత మెల్లిగా, "రైండర్, మేష్టారు పిలుస్తున్నారు," అంది. ఆయన చటుక్కున తిరిగాడు. "ఆఁ? ఏంటి మేష్టారూ?"

సీబ్రన్ గుండెల్లో రాయి పడింది. ఎడమచెవి! ఇంజిన్ల పక్కన ఏళ్ళ తరబడి నిలబడ్డ చెవి. నోటేషన్ చదవడం రాని మనిషి, పక్కవాడి ఊపిరి విని ఎత్తుకునే మనిషి. అలాంటివాణ్ణి తీసుకెళ్ళి కుడి చివర గోడ పక్కన నిలబెట్టాడు తను. వినిపించే చెవి గోడకి, వినిపించని చెవి ఫోక్కోకి.

పిన్ని వైపు చూశాడు. ఆవిడ కళ్ళతోనే బతిమాలింది: చెప్పకు నాయనా, ఇంతమందిలో చెప్పకు. ఆ తర్వాత అందరికీ వినిపించేలా అంది:

"పొరపాటు నాదేలెండి మేష్టారూ. ముసలి ఎముకలు. ఊరికే వణుకుతాయి. గాలీ లేదు, గీలీ లేదు."

ఊస్టర్‌హామ్ చరిత్రలో గేస్కె పిన్ని గాలి లేదనడం అదే మొదటిసారి. వెనక వరసల్లో కొందరు కిసుక్కుమన్నారు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. వెళ్ళి తన గుండ్రంలో నిలబడి, ఖాళీ చేతులు ముందుకి ముడుచుకుంది.

"ఈ రోజు రాయి జోలికి వద్దు," అన్నాడు సీబ్రన్ నీరసంగా. "అక్కడ వదిలేసి ముందుకి పోదాం."

సాధన అయ్యాక వాకిట్లో ఆవిడ కోటు తొడుక్కుంటుంటే వెళ్ళి పట్టుకున్నాడు.

"ఎప్పట్నుంచి పిన్నీ?" గారు పోయి పిన్ని ఎప్పుడొచ్చిందో ఆయనకే తెలీదు.

"ఏది ఎప్పట్నుంచి?"

"రైండర్ గారి ఎడమ..."

"ఆ తలుపు వేసెయ్యి నాయనా. గాలి కొడుతోంది."

అంతే. కోటు బొత్తాలు పెట్టుకుని వెళ్ళిపోయింది. సీబ్రన్ కాలవ గట్టు మీద పడి అటూ ఇటూ తిరిగాడు. తిరుగుతుంటే ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. గోడగడియారం పంపకాల్లో తగువొచ్చి మాటలు మానేసిన ఇద్దరు తోడికోడళ్ళని పిన్ని మొదట చెరో కొసకీ పెట్టింది. శీతాకాలమంతా గాలి పేరు చెప్పి ఒక్కో కుర్చీ చొప్పున దగ్గరికి లాక్కొచ్చింది. మొన్న వాళ్ళిద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. పెళ్ళాం పోయాక ఆమె ఖాళీ కుర్చీ వెనకే కూర్చుని గొంతు పెగలని ఒక బక్కపల్చటి పెద్దాయన్ని, తీసుకెళ్ళి ఊరంతటికీ వాగుడుకాయ అయిన రెన్స్‌కె వెనక పడేసింది. ఆయనిప్పుడు నవ్వుతున్నాడు కూడా. ఆ ఈక వీటిల్లో ఒక్కసారైనా కదిలిందా? తను ఏనాడైనా దాని వైపు సరిగ్గా చూశాడా?

ఇప్పుడు రైండర్‌ని జరపడమెలా? ఊరికే జరిపితే ఎందుకని అందరూ అడుగుతారు. గాలి అందామంటే, గాలి లేదని నలుగురి ముందూ ఈక పట్టుకుని నిరూపించిన మహానుభావుడు తనే. జరపకపోతే రేపు ఊరందరి ముందూ రాయి రెండుసార్లు దొర్లుతుంది. రైండర్ తలెత్తుకోలేడు. గొర్రెలకి పాడుకోమన్న నోటితో ఇంకేం చెప్పుకుంటాడు? సీబ్రన్ నీళ్ళలోకి రాళ్ళు విసిరాడు. అవి కూడా వేళకి పడటం లేదనిపించింది.

శనివారం సాయంత్రం చర్చి కిటకిటలాడింది. మేయరుగారు భార్యాసమేతంగా మొదటి వరసలో. పట్నం నుంచి వచ్చిన సంగీతం పెద్దలు ఆయన వెనక. నల్లబట్టల్లో బృందం ఎవరి గుండ్రంలో వాళ్ళు. హీటరు ఆపేశారు. మార్రిట్ సెల్లో మోకాళ్ళ మధ్య పెట్టుకుని సిద్ధంగా ఉంది. సీబ్రన్ వచ్చి పీటెక్కాడు. చెయ్యెత్తాడు. అంతా సద్దుమణిగింది.

ఆయన చెయ్యి దించేశాడు. వేలు నోట్లో పెట్టుకుని తడిచేసి, నిండు సభలో, పైకెత్తి పట్టుకున్నాడు.

"గాలి కొడుతోంది," అన్నాడు.

బృందం నోరు వెళ్ళబెట్టింది. సంగీతం పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సీబ్రన్ పీట దిగి వేలెత్తుకునే మగాళ్ళ వరస దాకా నడిచాడు. మెడ దాకా చెమట.

"ఇక్కడ చచ్చే గాలి. నిన్న నాకు తెలియలేదు, నాదే తప్పు. రైండర్ గారూ, మీరు ఎడమ చివరికి రండి. ఫోక్కో, ఆయనకి కుడిపక్కన నువ్వు."

ఎవరో వెనక నుంచి, "నిన్న లేదన్నారుగా మేష్టారూ?" అని గొణిగారు.

అంతే, ఆడవాళ్ళ వరసలోంచి గేస్కె పిన్ని ముందుకొచ్చింది. ఇంకో ఈక ఎక్కడ దాచిందో, తీసి దారంతో వేలాడేసింది. మొహానికి దగ్గరగా పట్టుకుని, పెదాలు సున్నా చుట్టి, ఎవరికీ కనబడకుండా ఉఫ్ మని ఊదింది. ఈక గిరగిరా తిరిగింది.

"చూశారా! మొత్తుకున్నానా లేదా? విన్నారా నా మాట? పోయేకాలం గాలి!"

సందేహమింక ఎవరికీ లేదు. రైండర్ మావయ్య కోటు కాలరు పైకి లాక్కుని, "నిజమే, నాకు సోమవారం నుంచీ మెడ పట్టేసింది," అనుకుంటూ అటు నడిచాడు. సభలో అందరూ మఫ్లర్లు సర్దుకున్నారు. మేయరుగారు లేచి భార్యకి అడ్డంగా కూర్చున్నారు.

సీబ్రన్ మళ్ళీ పీటెక్కాడు. పాట మొదలైంది. క్రీస్తుని సమాధిలో పెట్టారు. వాద్యాలు ఒక్కొక్కటే ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఫోక్కో ఊపిరి పీల్చాడు. రైండర్ మావయ్య తల కొంచెం అటు వాలింది.

రాయి దొర్లింది. ఒక్కటే రాయి. అందరి గొంతులతో, అందరి కింద రైండర్ గొంతు పునాదిలా పరుచుకుని. సీబ్రన్‌కి కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళలో మొదటిసారి ఆయన వేళ్ళు ఆడటం ఆగింది.

నిశ్శబ్ద శనివారం ఎవరూ చప్పట్లు కొట్టరు, అది ఆ ఊరి ఆనవాయితీ. ఆఖరి స్వరం ఆగాక జనం మాటాపలుకూ లేకుండా లేచి వెళ్ళిపోయారు. వెనకగదిలో బృందానికి వేడివేడి ఆవాల సూప్, ఎండుద్రాక్షల రొట్టె. రైండర్ మావయ్య అక్కడ మేష్టారి వీపు మీద ఒక్కటి చరిచాడు.

"చూశారా మేష్టారూ, ఆ వెనకబడే వెధవెవడో భయపడి సర్దుకున్నాడు! గట్టిగా చెబితే వింటారండీ!"

"అవునండీ," అన్నాడు సీబ్రన్ దగ్గుతూ.

సూప్ గిన్నె పట్టుకుని ఆయన అలవాటు ప్రకారం మార్రిట్ వైపు బయల్దేరాడు. అలవాటు ప్రకారమే సగం దూరంలో ఆగాడు. వెనక్కి తిరగబోతుంటే మోచెయ్యి పట్టుకుందొక చెయ్యి.

"ఇక్కడ నిలబడకు నాయనా. గాలి కొడుతోంది," అంది గేస్కె పిన్ని. "అదిగో, ఆ అమ్మాయి సెల్లో చూడు, తలుపుకి ఎదురుగా పెట్టింది. కొయ్యకి గాలి తగిలితే పాడైపోదూ? పోయి ఆమె పక్కన అడ్డంగా కూర్చో."

సీబ్రన్ తలుపు వైపు చూశాడు. తలుపు గట్టిగా మూసి ఉంది. కింద బొత్తాల కళ్ళతో ఇసుక పాము హాయిగా పడుకునుంది. పిన్ని చేతిలో ఈక నిటారుగా వేలాడుతోంది.

ఆయన ఎందుకని అడగలేదు. వెళ్ళి మార్రిట్ పక్క కుర్చీ దగ్గర నిలబడి, "ఇక్కడ... గాలి..." అన్నాడు.

ఆమె వాయించేది పట్నం బృందంలోనైనా, పుట్టింది ఆ ప్రాంతంలోనే. మఫ్లర్ మెడకి చుట్టుకుని, సెల్లో అవతలికి పెట్టి, కుర్చీ దగ్గరికి లాగింది.

"అవునండీ," అంది. "నాకు పోయిన శీతాకాలం నుంచీ తగులుతూనే ఉంది."